పొణికి కర్ర రాకెట్టు

మన జిల్లాకు ఇప్పుడు కావలసింది రోడ్లు కాదు, నల్లాలు కాదు, అంతరిక్ష ప్రదర్శనశాల. నవ్వకండి! రోడ్డుంటే బస్సెక్కాలి, బస్సెక్కితే నడుము విరగాలి. అంతరిక్షంలో ఈ బాధ ఉందా? ఒక్క గుంట చూపించండి.

అందుకే మొన్న చలికాలం నిర్మల్‌లో అలాంటిదొకటి తెరిచారని విని ఈ కాలమ్ రాసే నేను ఆనందబాష్పాలు రాల్చాను. పాత భవనంలో ఒక గది, గోడకు చంద్రుడి పటం, బల్ల మీద గ్లోబు. కొరతల్లా రాకెట్టే. రష్యావాడు మనిషిని ఆకాశానికి పంపి రెండేళ్లయింది. మనం కనీసం కర్రతోనైనా పంపొద్దా?

ఆ భాగ్యం రాజలింగును వరించింది. రాజలింగు నకాషీ పనివాడు. పొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంగులద్ది చిలుకలూ సీతాఫలాలూ చేసి అమ్ముకుంటాడు. పొణికి కర్ర అడవిలో ఉంటుంది, అడవి సర్కారుది, కనుక కర్రకు పర్మిట్ కావాలి. పర్మిట్ కోసం అతను అర్జీ పెట్టిన ఏడాదే రష్యావాడు బయలుదేరాడు. రెండు గంటలు తిరక్కుండా భూమిని చుట్టేసి కిందికి దిగాడు. అర్జీ మాత్రం ఇంకా జంగ్లాత్ కచేరీలో, అదే అడవి శాఖ ఆఫీసులో, రెండో బల్ల దాటలేదు. దానికి ఇంధనం పోయలేదని గిట్టనివాళ్లు అంటారు. నేననను.

ఇంట్లో మిగిలింది ఒక్కటే దుంగ. మనిషెత్తు ఉంటుంది, చక్కగా ఎండింది. వానకాలం నాలుగు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే దాన్ని చెక్కి అమ్ముకోవడమే దిక్కు.

సరిగ్గా అప్పుడే ప్రదర్శనశాల అధికారి కబురంపాడు. "మంత్రిగారు వస్తున్నారు రాజలింగూ. రాకెట్టు నమూనా చేసిపెట్టు. ఆయన మెచ్చుకున్నారంటే నీ పర్మిట్ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. పేపర్లో పడిన ఫోటో ఒకటి చేతిలో పెట్టి, అసలు దాంట్లో ఇరవయ్యో వంతు ఉండాలని చెప్పాడు.

రాజలింగు దుంగ మీద గీతలు గీస్తుంటే భార్య నాగవ్వ వచ్చి నిలబడింది.

"లోపల బోలు పెట్టరాదా? సగం కర్రన్న మిగుల్తది."

"ఇచ్చేది సర్కారుకు. మనోళ్లెవరన్న కానుక బొమ్మల బోలు పెట్టిండ్రా?"

"కడుపుల బోలు పెట్టుకుంటం తియ్యి" అని నాగవ్వ లోపలికి పోయింది.

అది నకాషీవాళ్ల పట్టింపు. కానుకిచ్చే బొమ్మ డొల్లదైతే ఇచ్చినవాడి మాట కూడా డొల్లేనట. అసలు రాకెట్టంటేనే బోలు అని, మనిషి కూర్చునేది ఆ బోలులోనే అని అతనికి చెప్పిన పుణ్యాత్ముడు లేడు. రాజలింగు దుంగనంతా గట్టిగా ఉంచి రాకెట్టు చెక్కాడు. బంగారు రంగు పూశాడు. మనిషికి లోపల చోటు లేదు కనుక ఏనుగు మీద మావటిలాగా పైన కూర్చోబెట్టాడు.

అధికారి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "మనిషి లోపల కదయ్యా ఉండాలి?"

"లోపలుంటె మంత్రిగారికి ఎట్ల కనవడ్తడు సార్?"

అధికారి వెంటనే దాన్ని రిజిస్టరులో ఎక్కించాడు. మంత్రిగారికి కనబడని పనులు చేసి బాగుపడినవాడు ఏ ఆఫీసులో ఉన్నాడు? మంత్రి వచ్చాడు, పైనున్న మనిషిని చూసి ముచ్చటపడ్డాడు, దండ వేయించుకుని పోయాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

మర్నాడే రాజలింగు జంగ్లాత్ కచేరీకి పరుగెత్తాడు. చిత్రం, అర్జీ కదిలింది! గుమాస్తా షరీఫ్ మంచివాడు. ముందు కూర్చోమన్నాడు, తర్వాత కాగితం చదివాడు.

"కర్ర ఇచ్చేది బొమ్మలు చేసెటోళ్లకు రాజలింగన్నా. నువ్వు రాకెట్లు చేస్తవని మీ ప్రదర్శనశాల సారే తారీఫ్ చేసి రాసిండు. నిన్ను బొమ్మలోళ్ల జాబితల కెల్లి తీసి సైన్సు సామాన్లోళ్ల జాబితల ఎక్కిచ్చిండ్రు. గా జాబితకు కర్ర లేదు."

"మరి గా జాబితకు ఏమిస్తరు సాబ్?"

షరీఫ్ తల దించుకున్నాడు. "సర్టిఫికెట్."

చూశారా అభివృద్ధి! తాతముత్తాతలు చిలుకల దగ్గరే ఆగిపోయారు. ఇతను ఒక్క పూటలో సైన్సు మనిషి అయిపోయాడు. కృతజ్ఞత తెలియని రాజలింగు మాత్రం తిన్నగా అధికారి దగ్గరికి పోయి, "నా రాకెట్టు నాకియ్యుండ్రి సార్. కోసుకోని చిలుకలు చేసుకుంట" అన్నాడు. అధికారి చెవులు మూసుకున్నాడు. రిజిస్టరులో ఎక్కిన సర్కారు ఆస్తిని రంపంతో కోస్తారా ఎక్కడైనా?

మన జనానికి సైన్సంటే ఆసక్తి లేదనే పెద్దమనుషులు దయచేసి ఆ ప్రదర్శనశాల సందర్శకుల పుస్తకం చూడాలి. నాలుగు నెలల్లో ఒకే మనిషి పదహారుసార్లు వచ్చి సంతకం పెట్టాడు. స్థానికుల్లో అంతరిక్ష జిజ్ఞాస పొంగిపొర్లుతోందని అధికారి పైకి నివేదిక పంపాడు. ఆయనకు ప్రమోషన్ వస్తుందని కూడా విన్నాను, రావాలి కూడా.

పోయిన వారం నేనూ వెళ్లాను. బయట మబ్బు పట్టింది. అడ్డంగా కట్టిన తాడు వెనక రాజలింగు ఒక్కడే నిలబడి రాకెట్టును కింది నుంచి పైకి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, వేళ్లు ముడుచుకుంటున్నాయి. ఏ గ్రహం దూరం లెక్కిస్తున్నాడో అనుకుని, ఎంతదాకా వచ్చిందని అడిగాను.

"మొదట్ల ముప్పై సీతాఫలాలు ఎల్తయి సార్" అన్నాడు చూపు తిప్పకుండానే. "నడుమల నూరు చిలుకలు. పైన కూసున్నాయన్ని గట్లనే మావటి అని అమ్మొచ్చు. మీరు పేపర్ల రాస్తరట గదా, జర చెప్పి ఇప్పియ్యుండ్రి. ఇంట్ల చెక్క పేడు గూడ లేదు."