తొమ్మిదేళ్ల వంతెనకు తాజా క్యూబులు

వంతెనలకు పరీక్షలు పెట్టే దుష్ట సంప్రదాయాన్ని వెంటనే రద్దు చేయాలని నేను గట్టిగా డిమాండ్ చేస్తున్నాను! పదో తరగతి తప్పినవాడికి సప్లిమెంటరీ ఉంది. వంతెన తప్పితే దానికి సప్లిమెంటరీ ఉందా? లేదు కదా! మరి ఏ న్యాయంతో ఆ మూగదానికి పరీక్ష పెడతారు?

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా రాస్తున్నాను.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ వైపు పోయే దారుల్లో ఒకదాని మీద మాకో వంతెన ఉంది. ఏ దారో, ఏ వాగో చెప్పను. చెబితే వంతెన సంగతేమో గానీ నా మీద మాత్రం కేసు పడుతుంది. దాని వయసు తొమ్మిదేళ్లు. మఠంపల్లి సిమెంటు లారీలు, మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు, ఆర్టీసీ బస్సు అన్నీ దాని మీదుగానే పోతాయి.

ఇది అల్లాటప్పా వంతెన కాదు. కాంక్రీటు దూలాల్లో పొడవునా గొట్టాలు పెట్టి, వాటిలో ఉక్కు తీగలు దూర్చి, జాకీలతో గుంజి బిగించారు. ఆ బిగువు మీదే వంతెన నిలబడుతుంది. తీగలకు తుప్పు పట్టకుండా గొట్టం నిండా సిమెంటు పాలు పంపుతో ఎక్కిస్తారు. ఇంజనీర్లు దాన్ని గ్రౌట్ అంటారు. గొట్టం నిండుగా ఉంటే తీగలు మన మనవల కాలం దాకా భద్రం. నిండకపోతే? అదిగో, అలాంటి ప్రశ్నలు వేసేవాళ్ల వల్లే ఈ దేశం వెనకబడిపోయింది!

మా దగ్గర ఆ ప్రశ్న వేసిన మనిషి జమున. వంతెన చివర, దూలం నీడలో ఆమె టీ బండి. ఇల్లు వాగు అవతలి తండాలో. కూతురు హారిక కోదాడలో ఇంటర్ చదువుతూ రోజూ రెండు పూటలా ఆ వంతెన మీదుగా బస్సులో పోయివస్తుంది. పోయిన వానాకాలంలో ఒకనాడు నేను టీ తాగుతుంటే దూలంలోంచి ఎర్రటి నీటి బొట్టు జమున పాలగిన్నెలో పడింది.

"సారూ, జర మీదికి సూడు. వాన వెలిసి వారమాయె. నీళ్లు ఏడికెల్లి కారుతున్నయ్? గీ ఎరుపేంది?" అంది.

నేను ఆమెకు ఓపిగ్గా నచ్చజెప్పాను. ఆడవాళ్లకు రక్తం తక్కువని ప్రభుత్వం ఐరన్ బిళ్లలు పంచుతోంది, బిళ్లలు మింగడం మరిచిపోతారని ఇప్పుడు నేరుగా టీలోనే ఐరన్ వేస్తోంది, ఇంతకంటే సంక్షేమం ఇంకేం కావాలి అన్నాను. ఆమె నవ్వలేదు.

"నీకు నవ్వులాటనే సారూ. నా బిడ్డ రోజూ దీని మీదికెల్లే పోతది" అంది.

ఇంకేముంది, సోమవారం సూర్యాపేట కలెక్టరేటుకు పోయి ప్రజావాణిలో అర్జీ ఇచ్చేసింది. అర్జీ వంతెన చూసుకునే ఆఫీసుకు చేరింది. ఆ ఆఫీసు ఒక ప్రైవేటు ల్యాబుకు రాసింది. ల్యాబు వాళ్లు ప్రేమ్‌కుమార్ అనే కుర్ర ఇంజనీరును పంపారు.

ఈ ప్రేమ్‌కుమార్‌కు ఒక పెద్ద జబ్బు ఉంది. పరీక్ష చేయమంటే నిజంగానే పరీక్ష చేస్తాడు! దూలానికి వేలు పట్టేంత రంధ్రం చేసి, లోపలికి సన్నని కెమెరా పంపాడు. గొట్టంలో పైసగం ఖాళీ. కింద నీళ్లు. ఉన్న గ్రౌట్ గోటితో గీకితే పిండిలా రాలుతోంది. పన్నెండు తీగల్లో మూడు తుప్పు పట్టి తెగిపోయాయి. మిగతా గొట్టాలు కూడా తెరిచి చూసి రిపేరు చేసేదాకా లారీలు, బస్సులు ఆపాలని రిపోర్టు రాసి ఇచ్చాడు.

అసలు పరీక్ష ఎవరికి పెట్టాలో మనవాళ్లకు స్పష్టంగా తెలుసు. చిలుకూరు రైతు వడ్లు తెస్తే కొనుగోలు కేంద్రంలో మిషను పెట్టి చూస్తారు. తేమ పదిహేడు శాతం దాటిందా, మళ్లీ ఆరబెట్టుకో పో అంటారు. మిల్లు కాడ బస్తా బస్తాకూ చువ్వ గుచ్చి గింజలు తీస్తారు. అక్కడ అవసరం మరి! రైతు మనిషి, మోసం చేయొచ్చు. కాంట్రాక్టరు చేస్తాడా? ఆయన గొట్టంలో నీళ్లు నిలిచినా అది తేమ కింద రాదు.

రిపోర్టు చదివిన ఆ ఆఫీసు పెద్దసారు ముందుగా ప్రేమ్‌కుమార్‌కే నోటీసు ఇచ్చారు, ప్రభుత్వ వంతెనకు రంధ్రం చేసి బలహీనపరిచినందుకు! తర్వాత పాత ఫైలు తెప్పించారు. అందులో అన్నీ ఉన్నాయి, క్యూబుల రిపోర్టు తప్ప. కాబట్టి లోపం వంతెనలో లేదు, ఫైలులో ఉంది అని తేల్చారు.

క్యూబు అంటే ఏమిటో చెప్పాలి. గొట్టంలోకి పంపే గ్రౌట్‌నే కొంచెం తీసి ఇనప అచ్చుల్లో పోస్తారు. గట్టిపడ్డాక నీళ్లలో నానబెట్టి, ఇరవై ఎనిమిదో రోజు మిషనులో పెట్టి నొక్కుతారు. క్యూబు తట్టుకుంటే వంతెన పాసు. ఇది పుస్తకంలో పద్ధతి. మా దగ్గర పద్ధతి ఇంకాస్త శ్రద్ధగా ఉంటుంది. గొట్టానికి వేరే, క్యూబుకు వేరే కలుపుతారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లకూ క్యూబులు చేయడంలో గట్టయ్య మేస్త్రిని మించినవాడు లేడు. మంచి సిమెంటు ఏరి, కొలిచి నీళ్లు పోసి, బుడగ లేకుండా తట్టి తట్టి చేస్తాడు. ఇన్నేళ్లలో ఆయన క్యూబు ఒక్కటి ఫెయిల్ కాలేదు.

పెద్దసారు గట్టయ్యను పిలిపించారు. తొమ్మిదేళ్ల కింద పోసిన గ్రౌట్‌కు గట్టయ్య ఈ ఏడాది క్యూబులు పోశాడు! తడి ఆరకముందే మేకుతో వాటి మీద తొమ్మిదేళ్ల కిందటి తేదీ గీకాడు. వాటిని మిషనులో పెడితే పగలడానికి మిషనే మూలిగిందట. ఇంత దృఢమైన వంతెన రాష్ట్రంలో ఇంకొకటి ఉందా?

ఆ క్యూబుల రిపోర్టు మీద సంతకం పెట్టమని ప్రేమ్‌కుమార్‌ను అడిగారు. ఆ పిల్లవాడికి లోకజ్ఞానం లేదు.

"బస్సు క్యూబు మీదికెల్లి పోదు సార్. లోపల నీళ్లున్నయ్, నా కండ్లతోటి చూసిన. నేను పెట్టను" అన్నాడట.

సరే, ఆయన పెట్టకపోతే పెన్నులకు కరువా? ఇంకొకరు పెట్టారు. ప్రేమ్‌కుమార్‌ను ల్యాబు వాళ్లు ఆదిలాబాద్ పంపారు. అక్కడ మట్టి నమూనాలకు చీటీలు అంటిస్తున్నాడు. మట్టి తుప్పు పట్టదు కాబట్టి అందరూ సుఖంగా ఉన్నారు. దూలం మీది ఎర్ర మరకలకు తెల్ల రంగు కొట్టారు. జమున టీ బండి మీద ఆఫీసు వాళ్లే ఒక రేకు కప్పి, నీళ్లు పడటం ఆగింది గనక అర్జీ పరిష్కారమైందని ఫైలు మూశారు.

ఈ విధానాన్ని అన్ని శాఖలకూ విస్తరించాలని నా మనవి. దవాఖానలో రోగికి బదులు గట్టిగా ఉన్నవాణ్ని ఒకణ్ని చూసి రక్తం తీయండి, జిల్లాలో షుగర్ ఖతం! ఇంటర్ పేపర్లు లెక్చరర్ల చేతే రాయించండి, హారికకు ర్యాంకు గ్యారంటీ! తాగునీటి పరీక్షకు సీసా నీళ్లు పంపండి. లోకంలో చెడ్డదంటూ ఏమీ మిగలదు.

ఇంతవరకూ నా వాదనలో తిరుగు లేదనే అనుకున్నాను. పోయిన గురువారం సాయంత్రం హుజూర్‌నగర్ బస్సు ఎక్కాను. వంతెన ఇంకా వంద గజాలుందనగా ముందు సీట్లోంచి గట్టయ్య మేస్త్రి లేచి "ఆపు బిడ్డా" అన్నాడు. బస్సు ఆగింది. ఆయన దిగి, కర్ర పొడుచుకుంటూ వాగులో నీళ్లకు ఆనుకుని ఉన్న పాత లోలెవల్ వంతెన మీదికి నడిచాడు. బస్సు మన తొమ్మిదేళ్ల వంతెన దాటి అవతల ఆగింది.

"రోజూ గింతే సార్. గీడ దిగుతడు, గాడ ఎక్కుతడు. ముసలాయన గదా అని ఆపుతం" అంది కండక్టర్ వనిత.

పది నిమిషాలకు ఆయన రొప్పుతూ ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులతో ఈ నడకేమిటి మేస్త్రీ అని అడిగాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పైపులల్ల పోసింది నేనే, క్యూబులు చేసింది నేనే సారూ. పంపు ఆగొద్దని గాడ నీళ్లు కలిపి పోసింది మజ్జిగ. మిషన్ల పెట్టింది గడ్డపెరుగు. నాకెర్క గదా!"

వెనక సీట్లో హారిక ఒళ్లో పుస్తకం పెట్టుకొని రేపటి పరీక్షకు చదువుకుంటోంది. నాకు ముందు భయమేసింది. తర్వాత ఒళ్లు మండింది, ఆయన మీద, పెద్దసారు మీద, టీలో ఐరన్ అని జోకులేసిన నా మీద కూడా.

కనుక ప్రభుత్వానికి నా డిమాండ్ కొంచెం మారుస్తున్నాను. వంతెనకు పరీక్షలు పెట్టకండి, మీ ఇష్టం. ఆ బస్సులో రోజూ పోయే అందరికీ క్యూబులు చేయడం మాత్రం నేర్పించండి. ఎక్కడ దిగాలో వాళ్లకూ తెలుస్తుంది.