తాబేళ్లకు పది శాతం పార్కు

"గీత ఒక్క బొటనవేలంత జరిపితే సముద్రం ఎండిపోతదా?" అని లక్ష్మణ్ అడగడం ఆ ఉదయానికి అది నాలుగోసారి. కూతురు నయన నాలుగోసారి కూడా జవాబు చెప్పకుండా ఉప్మా తింటోంది. ఇద్దరి మధ్య బల్ల మీద, పచ్చడి గిన్నె కింద, సముద్రం మ్యాపు పరచుకుని ఉంది.

న్యాయం లక్ష్మణ్‌దే. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. హద్దు అన్నాక కదలాలి! కదలని హద్దు వల్ల ఈ లోకంలో ఎవరు బాగుపడ్డారో మీరే చెప్పండి. గీతలన్నీ గీసినచోటే మొండికేసి కూర్చుంటే ఇన్ని అపార్ట్‌మెంట్లు, ఇన్ని ఫంక్షన్ హాళ్లు ఎక్కడ లేచేవి? మనమంతా పెళ్లిభోజనాలు ఎక్కడ చేసేవాళ్లం?

లక్ష్మణ్ ముప్పై ఏళ్లుగా గౌడవెల్లి చుట్టుపక్కల లేఅవుట్లు వేస్తున్నవాడు. సర్వేయర్ వచ్చే రోజు పొద్దున్నే నాటుకోడిని కోయించడం ఆ ఇంటి ఆచారం. కోడి ఉడికేలోపు హద్దురాయి కూడా కాస్త మెత్తబడుతుందని ఆయన అనుభవం.

అలాంటి ఇంట్లో పుట్టిన నయన కూడా సర్వే పనిలోకే వెళ్లిందని తెలిసి మొదట ఎంతో మురిసిపోయాడు. తీరా చూస్తే ఆమె కొలిచేది సముద్రం అడుగును! వీపున సిలిండర్ కట్టుకుని మునగడం, అడుగున వంద మీటర్ల టేపు పరచడం, మీటరు చట్రం పెట్టి అందులో సముద్రపు గడ్డి ఎంత ఉంది, గవ్వలెన్ని, దాక్కున్న చేపపిల్లలెన్ని, మేతకొచ్చిన తాబేళ్లెన్ని అని పలక మీద రాసుకోవడం. రెండేళ్లుగా ఇదే పని. ఆ లెక్కల్ని బట్టి తీరంలో ఎక్కడ వలలు లాగకూడదో, ఎక్కడ లంగరు వేయకూడదో ఆమె మ్యాపు మీద గీత గీస్తుంది, పైవాళ్లు దాన్ని ఖాయం చేస్తారు.

అక్కడ ఎకరం ఎంత పలుకుతుందని తండ్రి ఒకసారి అడిగాడు. అమ్మకానికి లేదని తెలిశాక సముద్రం మీద గౌరవం పోయింది.

ఈసారి సెలవుల్లో ఆ గౌరవం తిరిగొచ్చింది. నయనకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పడవలు ఆగడానికి ఒక జెట్టీ కట్టాలట. అది సరిగ్గా గడ్డి దట్టంగా ఉన్నచోటే రావాలట. కాబట్టి గీతను కాస్త సర్ది, సంతకం పెట్టి సోమవారంలోగా పంపమన్నారు. పంపకపోతే వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉండకపోవచ్చని ఎంతో ఆప్యాయంగా హెచ్చరించారు.

సముద్రంలోనూ తన విద్యే నడుస్తోందని లక్ష్మణ్ ఛాతీ ఉప్పొంగింది. కూతురు ఆలోచనలో పడితే కన్నతండ్రి చూస్తూ ఊరుకుంటాడా? ఆమె మ్యాపును ఫోన్లో ఫొటో తీసి, మేడ్చల్‌లో తన లేఅవుట్లు గీసే కుమార్ దగ్గరికి పట్టుకెళ్లాడు. సాయంత్రానికల్లా రంగుల్లో ప్రింటు చేతికొచ్చింది. పచ్చడి గిన్నె కింద ఉన్నది అదే.

పనితనమంటే అదీ! జెట్టీకి నలభై అడుగుల రోడ్డు. వంకర టింకరగా ఉన్న గడ్డి మేర చక్కగా చదరమైంది. రూల్ ప్రకారం పది శాతం ఓపెన్ స్పేస్ వదిలి, దాని మీద 'తాబేళ్ల పార్కు' అని రాశాడు కుమార్. ఈశాన్యం మూల బరువు లేకుండా చూశాడు. చేపలకు వాస్తు దోషం తగలకూడదు కదా.

పర్యావరణం కోసం ఇంతకన్నా ఎవరేం చేస్తారండీ? ఆ చేపలు ఇంకోచోటు చూసుకోలేవా? వాటికి ఈత వచ్చు. అడ్వాన్సు కట్టక్కర్లేదు, పాలు పొంగించక్కర్లేదు, పిల్లల్ని కొత్త స్కూల్లో చేర్చే బాధ లేదు.

"గా బొటనవేలు కింద నలభై రెండుసార్లు మునిగిన నాయినా," అంది నయన ఎట్టకేలకు. "చేపపిల్లలన్నీ గాడనే ఉన్నయి. మిగిలిందంతా ఉత్త ఇసుక. ఇసుకకు కాపలా పెట్టుమంటున్నరు."

పెడితే తప్పేమిటి? ఇసుక విలువ తెలియనివాళ్లు మన రాష్ట్రంలో ఉన్నారా?

తమ్ముడు నిఖిల్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే, చేపలకు ఓటు లేనప్పుడు ఇంత పరేషాన్ ఎందుకని అడిగాడు. తల్లి సరళ, ముందు ఆ పిల్లను నాలుగు ముద్దలు తిననివ్వమంది. లక్ష్మణ్ తన చివరి సాక్ష్యం బయటికి తీశాడు.

"గీ ఇంటి జాగనే సూడు. కుంట గీత నేను జరపలేదా? ఒక్కసారి గాదు, మూడుసార్లు జరిపిన. ఏమైంది? ఆకాశమేమన్న ఊడిపడ్డదా?"

ఆయన తల్లి బుచ్చమ్మ మూల కుర్చీలో కూర్చుని చాయ్‌లో రొట్టె ముంచుకుంటోంది.

"ఆకాశం పడలే బిడ్డా," అంది. "నీళ్లే ఇంట్లకొస్తున్నయి."

ఉన్నమాటే. మూడేళ్లుగా శ్రావణం రాగానే ఫ్రిజ్ ఇటుకల మీదికి ఎక్కుతుంది, సోఫా మేడ మీదికి ఎక్కుతుంది, బుచ్చమ్మను ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తారు. కానీ ఇందులో లక్ష్మణ్ తప్పేముంది? తప్పంతా నీళ్లది. నీళ్లకు చదువు లేదు. లేఅవుట్ చూపించినా, దాని మీద పెద్ద పెద్ద సంతకాలు చూపించినా తెలియదు. పాత హద్దు ఎక్కడుండేదో మాత్రం అంగుళం తప్పకుండా గుర్తుంటుంది!

ఆ తర్వాత అందరూ చల్లారిన ఉప్మా తినేసి లేచారు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. నయన పప్పు కలుపుకుంటూ, ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పింది.

"మ్యాపు పొద్దుగాల పంపిన. గీత ముందున్న కాడనే ఉంది. జరపాలంటే నా పేరు తీసేసి జరుపుకోమని రాసిన."

నిఖిల్ ఫోన్ బోర్లా పెట్టాడు. సరళ గరిటె గిన్నెలోనే ఆగింది. మరి కాంట్రాక్టు పోతేనో అని లక్ష్మణ్ నెమ్మదిగా అడిగాడు.

"పోతే ఈడనే ఉంట నాయినా. టేపు తెచ్చుకున్న. ముందుగాల మన కుంట కొలుస్త. పాత నీళ్లు యాడిదాక ఉండెనో నాయినమ్మ సూపిస్తనంది."