గోవింద్ కరెంటు పడవకు తనిఖీ

తొమ్మిదింటికి తనిఖీ, పదింటికి ఇంట్లో టిఫిన్. ఆ ఉదయం గోవింద్ పెట్టుకున్న పథకం అంతే. డీజిలు ఇంజను తీసేసి రెండు కరెంటు మోటార్లు బిగించిన అతని పడవకు, వంశధారలో మనుషుల్ని దాటించే అనుమతి రావాలి. రాకపోతే అవతలి ఒడ్డువాళ్ళు పద్దెనిమిది కిలోమీటర్లు చుట్టి రావాలి, గోవింద్ ఇంట్లో కూర్చోవాలి.

చిక్కంతా కంట్రోలర్లతో వచ్చింది. బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసినంతే పంపే ఆ రెండు డబ్బాలూ నిన్న నడి ఏట్లో వేడెక్కి ఆగిపోయాయి. అందుకని భార్య తాయారుకు అన్నయ్య నరసింగరావు, పొలం మోటార్లు బాగుచేసేవాడు, పొద్దున్నే వచ్చి వాటిని విప్పి అల్యూమినియం పలక మీద బిగించాడు. పలక వెనక ఏటినీరు పారేలా ఒక గొట్టం, చిన్న పంపు పెట్టాడు.

"ఇంక సల్లగుంటాయి బావా," అన్నాడు.

తనిఖీకి వచ్చిన అధికారి కాగితాల అట్టతో ఎక్కి కూర్చున్నాడు. గెడ వేసి లోతుకు తీసుకెళ్ళాక గోవింద్ రెండు స్విచ్చులూ వేశాడు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది.

"ఏటి బావా, తిరగలిలాగ తిరుగుతన్నాది?" అన్నాడు గోవింద్.

నరసింగరావు వంగి చూశాడు. హడావుడిలో ఎడమ మోటారు వైర్లు రెండు తారుమారయ్యాయి. కుడిది ముందుకు, ఎడమది వెనక్కు లాగుతున్నాయి.

"ఎడమది ఆపీ."

ఆపాక నరసింగరావుకు గుర్తొచ్చింది, పంపుకు కరెంటు ఇచ్చింది ఆ ఎడమ స్విచ్చు నుంచేనని. నీళ్ళు ఆగాయి. కాసేపటికి కుడి కంట్రోలరు కాగిపోయి దానంతటదే ఆగింది. నరసింగరావు దాన్ని తాకి, కాలిన చెయ్యి గాలిలో విదిలించాడు.

ఒడ్డునున్న తాయారుకు ఆ చెయ్యి కనిపించింది. పడవ మునుగుతోందనుకుని, వలలు ఆరేస్తున్న ఇద్దరిని తాడిచ్చి వాళ్ళ పడవలో పంపింది.

పడవ సముద్రం వైపు జారుతోంది.

"ఎడమది మళ్ళీ ఎయ్యి బావా," అన్నాడు నరసింగరావు.

"అది ఎనక్కెల్తాది కదేటి."

"ఎనకున్నది ఒడ్డే కదా. వైర్లు మార్చీ టయిం నేదు, ముందుకు తిప్పే స్విచ్చు ఇంకా పెట్టనేదు."

గోవింద్ చుక్కాని గట్టిగా పట్టుకుని వెనక్కు నడిపాడు. సగం దూరంలో తాయారు పంపినవాళ్ళు ఎదురొచ్చి తాడు కట్టి లాగారు. అంతసేపూ అధికారి అట్ట మీద రాసుకుంటూనే ఉన్నాడు.

ఒడ్డున గోవింద్ తల దించుకుని నిలబడ్డాడు. "ఇంకో దినం రండి బాబూ. సరిసేసి ఉంచుతాం."

"ఎందుకూ?" అన్నాడు అధికారి, అట్ట చూసుకుంటూ. "ఉన్నచోటే మలుపు తిరగడం, సరే. వేడెక్కితే తనంతట తాను ఆగడం, సరే. వెనక్కు నడవడం, సరే. ఆపదలో సాయం ఆరు నిమిషాల్లో వచ్చింది. అడక్కుండా ఇన్ని చూపించినవాళ్ళు ఈ జిల్లాలో మీరే."

ముందుకు నడవడం అన్న గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది. దాన్ని వీలు చూసుకుని సోమవారం చూపించమన్నాడు.