ఉదజహరికామ్లం తొలగింపు

జూలై మూడో తేదీన, శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న మా ప్రభుత్వ పాఠశాల అంతర్జాతీయ స్థాయికి చేరుకుంది. ఆ రోజే ప్రయోగశాలలోని పద్దెనిమిది సీసాల లేబుళ్లు పోయాయి. వాటిని రాసింది మా వారు శంకరయ్య. అక్కడే రసాయనశాస్త్రం చెప్పేవారు. ఆయన పోయి అప్పటికి నెల. ఈ లేబుళ్ల తొలగింపుకు కదిలినన్ని కాగితాలు ఆ మరణానికి కదల్లేదు.

తనిఖీకి వచ్చిన అధికారి నవీన్‌కుమార్ ఒక సీసా ముందు ఆగి, ‘ఉదజహరికామ్లం’ అని కూడబలుక్కున్నాడు. అర్థం తెలియదనడం హోదాకు తగదు గనుక చాలాసేపు తల ఊపాడు. వెంట ఉన్న ఇద్దరూ ఊపారు. ఉదజని, హరితం కలిసిన ఆమ్లం, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని నేను చెప్పాను. పాత పుస్తకాల మాట. పేరులోనే పాఠం ఉందని మా వారు దాన్ని వదల్లేదు.

“నాకు తెల్వక కాదు మేడం. మీరు తెలుగు టీచరు. కెమిస్ట్రీ మాట మీరు చెప్తే రికార్డుల ఎట్ల రాయాలె?”

నెత్తిమీదుగా విమానం దిగుతుంటే అందరం ఆగాం. అది వెళ్లేసరికి ఆయనకు కారణం దొరికింది.

“గిన్ని దేశాలోళ్లు దిగే జాగల గిసుంటి పేర్లేంది? రేపు ఎవరన్న ఫారినర్ వస్తే?”

ఏళ్లుగా ఎందరో ఫారినర్లు మా బడి మీదుగా వెళ్లారు. ఒక్కరూ దిగి సీసాలు చదవలేదు.

‘వాడుకలో లేని పేర్లు, తొలగించవలెను’ అని నివేదికలో రాశారు. ఇంగ్లిషు లేబుళ్లు అచ్చువేసి పంపుతామన్నారు. పాతవి నాకిమ్మని అడిగాను. ప్రభుత్వ ఆస్తి బయటికి పోరాదట. అటెండర్ ఈరమ్మ సీసాలను బకెట్లో నానబెట్టి, కొబ్బరిపీచుతో గీకింది.

“అమ్మా, ఇగ ఏ సీసల ఏముందో ఎట్ల తెలుస్తది?” అని నన్నడిగింది. నివేదికలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఆగస్టు చివర్లో నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు. తెలుగు భాషా దినోత్సవ సభలో ‘మన భాషలో విజ్ఞానం’ మీద ప్రసంగం ఆయనదేనట.

“శంకరయ్య సారు చేతిరాత లేబుళ్లు జర పంపియ్యుండ్రి మేడం, ప్రదర్శనల పెడ్తం. మన భాషను మనమే కాపాడుకోవాలె.”

గీకేశారని చెప్పాను.

“అయితే మీరే రాయుండ్రి, అట్లనే గుండ్రంగ. ఎవలు గుర్తుపడ్తరు?”

నేను గుర్తుపడతానన్నాను.

సభలో ఆయన ఉదజహరికామ్లం అన్న మాటను మూడుసార్లు పలికాడు, ఒకసారి సరిగ్గా. చప్పట్లు బాగా పడ్డాయి.

సెప్టెంబరులో పద్దెనిమిది ఇంగ్లిషు లేబుళ్లు వచ్చాయి. మా వారి చోటులోకి ఇంకా ఎవరూ రాలేదు. ఏది ఏ సీసాదో చెప్పేవారు లేరు. ఒక్కటీ అంటించలేదు.