పెట్టె విప్పిన పళ్ళ డాక్టరు

“మనిషిని చదువుని బట్టీ, సంపాదనని బట్టీ అంచనా వేసే రోజులు పోయాయి! ఎంచుకున్న జెట్ విమానాన్ని బట్టి అంచనా వెయ్యాలి!”

యుద్ధవిమాన నమూనాల సంఘానికి అధ్యక్షులైన రిటైర్డ్ జడ్జిగారు ఈ తీర్పు చెప్పి బల్ల మీద పిడికిలితో ఒక్కటి వేశారు. సభ్యులు తలలూపారు. బల్లకి ఆ చివర, కొత్తవాళ్ళ కుర్చీలో కూర్చున్న పళ్ళ డాక్టరు అందరికంటే కాస్త ఎక్కువే ఊపాడు.

ఊపక ఏం చేస్తాడు పాపం! ఊళ్ళో పెద్దమనుషులనిపించుకున్నవాళ్ళంతా ఆ సంఘంలోనే ఉన్నారు. అందులో అతని బావమరిది లాయరు కూడా ఉన్నాడు. అసలు బాధ అదీ! అత్తగారింట్లో నలుగురూ చేరితే చాలు, బావమరిది “మా సంఘంలో...” అని మొదలుపెట్టేవాడు. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళు తెరిపించే డాక్టరు అక్కడ మాత్రం తన నోరు తెరవలేకపోయేవాడు. ఒకసారి ఆ లాయరు, “మా బావకి ఇవన్నీ పిల్లలాడుకునే బొమ్మల్లా కనిపిస్తాయి లెండి” అని నవ్వాడు. అందరూ నవ్వారు. డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. “చిన్నప్పట్నించీ నేను కట్టని విమానం లేదోయ్!” అనేశాడు. అప్పటిదాకా అతను కాగితం రాకెట్టు కూడా సరిగ్గా మడిచి ఎరగడు.

అంతే, సంఘంలో చోటు ఎలాగైనా సంపాదించి తీరాల్సి వచ్చింది.

సంఘం గది చూసి డాక్టరు నోరు వెళ్ళబెట్టాడు. నాలుగు గోడలా బీరువాలే. బీరువాల నిండా, ముక్కలు అతికించి విమానం బొమ్మ కట్టుకునే కిట్ల పెట్టెలే. ఒక్కో పెట్టె మీదా ఒక్కో పాతకాలపు జెట్ మబ్బుల్ని చీల్చుకుంటూ పోతోంది. దుమ్ము దులిపి, ప్లాస్టిక్ కాగితం నలగకుండా, వరసలు తీర్చి పెట్టారు. కట్టిన విమానాలు మాత్రం ఎక్కడా కనపడలేదు.

“మీరు కట్టినవి ఎక్కడుంటాయండీ?” అని వినయంగా అడిగాడు.

“ఇంట్లో ఉందండీ. రంగు ఆరుతోంది,” అన్నాడు బ్యాంకు మేనేజరు.

“నాదీ అంతే బావా. రంగు ఆరుతోంది,” అన్నాడు లాయరు.

రంగు ఆరడానికి అన్నాళ్ళు పడుతుందంటే ఎంత మందంగా, ఎంత శ్రద్ధగా వేస్తున్నారో అని డాక్టరు హడలిపోయాడు. ఇంతటి పనివాళ్ళ మధ్య తను ఎలా నెగ్గుకొస్తాడు?

తర్వాత ఎంపిక కార్యక్రమం. బల్ల మీద మూడు జెట్ల కిట్లు పరిచారు: ఫాంటమ్, మిగ్ ఇరవై ఒకటి, సేబర్. ఏది తీస్తే ఏమంటారోనని డాక్టరు అందరి మొహాలూ చూశాడు.

“ఫాంటమ్ తీసుకునేవాడికి ఆర్భాటం ఎక్కువ,” అన్నాడు బ్యాంకు మేనేజరు.

“మిగ్ ఇరవై ఒకటి తీసుకునేవాడికి సొంత ఆలోచన తక్కువ. అందరూ కొనేది అదే,” అన్నాడు లాయరు.

డాక్టరు మూడోదాని మీద చెయ్యి వేశాడు. అది సేబర్. ముక్కు ఉండాల్సిన చోట పెద్ద గుండ్రటి కన్నంతో, కుర్చీలో పడుకుని “ఆ...” అన్న మనిషిలా ఉంది.

“ఎందుకు ఇదే?” అని జడ్జిగారు కళ్ళజోడు మీదుగా చూశారు.

“దీని... నోరు నచ్చిందండీ,” అన్నాడు డాక్టరు, ఇంకేం తోచక.

లాయరు మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పోయింది, అంతా పోయింది అనుకున్నాడు డాక్టరు. జడ్జిగారి పిడికిలి బల్ల మీద పడింది.

“భేష్! గాలి పీల్చే ద్వారం! విమానం ప్రాణమంతా అక్కడే ఉంది! ఏం చూపయ్యా! వచ్చే సమావేశానికి వచ్చి మీ పని పురోగతి చెప్పండి. అప్పుడు సభ్యత్వం సంగతి తేల్చేద్దాం.”

పురోగతి చెప్పమంటే చెప్పడమే గానీ చెయ్యడం కాదని సంఘంలో అందరికీ తెలుసు. డాక్టరుకి తెలియదు. ఇంటికెళ్ళి పెట్టె విప్పేశాడు!

మధ్యాహ్నం పూట రోగుల రద్దీ తగ్గాక క్లినిక్కులో తలుపేసుకుని కూర్చునేవాడు. పంటి గార గీకే పనిముట్టుతో ప్లాస్టిక్ చట్రం నుంచి ముక్కలు విడదీశాడు. పళ్ళు పట్టే పటకారుతో చక్రాలు అతికించాడు. భోజనం తెచ్చిన భార్య చూసి నడుమున చేతులు పెట్టుకుంది.

“అవతల మనిషి దవడ పట్టుకుని బయట కూచుంటే, మీరిక్కడ రెక్కలు అతికిస్తున్నారా?”

“ఒక్క నిమిషం. జిగురు పట్టుకుంటోంది.”

“మా తమ్ముడు బొమ్మలన్నాడని ఇంత పంతమా మీకు?”

పంతంతోనే మొదలుపెట్టాడు గానీ, చెయ్యగా చెయ్యగా పంతం సంగతే మర్చిపోయాడు. రెండు వేళ్ళంత రెక్క తన చేతిలో తిన్నగా కుదిరితే ఎంత సంతోషమో! రంగు వేశాడు. అది మర్నాటికల్లా ఆరిపోయింది. ఇంత త్వరగా ఆరిందేమిటి, తప్పేమైనా చేశానా అని కంగారుపడ్డాడు కూడా.

చివరికి విమానాన్ని చక్రాల మీద నిలబెట్టాడు. అది ఠపీమని తోక మీద కూలబడి, ముక్కు ఎత్తి పైకప్పు చూడసాగింది. మళ్ళీ నిలబెడితే మళ్ళీ కూలబడింది.

“ముందు బరువు లేకపోతే వెనక్కే పడుతుంది మరి,” అంది భార్య, భోజనం డబ్బా మూత పెడుతూ.

అతికించింది విప్పి, ముక్కు లోపల సీసం ముక్కలు కూరి, మళ్ళీ అతికించాడు. ఈసారి నిలబడింది. డాక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. భార్య చూసీ చూడనట్టు ఊరుకుంది.

సమావేశం నాడు అట్టపెట్టెలో దూది పరిచి, సేబర్ని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

“పెట్టె... విప్పారా?” అన్నాడు బ్యాంకు మేనేజరు. లాకరు బద్దలైందని విన్నా అతని గొంతు అంతగా వణికేది కాదు.

“సీలు చింపావా బావా!” అన్నాడు లాయరు.

ఏదో లోపం పట్టేశారనుకున్నాడు డాక్టరు. “ముక్కులో బరువు తక్కువైందంటారా? మీరంతా ఎంత వేస్తారండీ?”

సభ్యులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

“ఎవరి ముక్కులో?” అన్నారు జడ్జిగారు.

డాక్టరుకి సర్వం అర్థమైపోయింది. ఎన్నేళ్ళుగానో నోళ్ళు చూస్తున్నవాడు, ఏవి అసలు పళ్ళో ఏవి కట్టుడు పళ్ళో అతనికొకరు చెప్పాలా? ఈ గదిలో ఒక్కడూ ఒక్క చక్రం అతికించిన పాపాన పోలేదు!

ఆ మాట అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఈలోగా లాయరు లేచి గొంతు సవరించుకున్నాడు. “అధ్యక్షా! అరుదైన కిట్టును పాడుచేసినవారికి సభ్యత్వం ఇవ్వడం సంఘం గౌరవానికి భంగం.”

జడ్జిగారి పిడికిలి పైకి లేచింది. అది కిందికి దిగితే అత్తగారింట్లో ఇక తలెత్తుకునే పని లేదు.

“అయ్యో, ఇది నేను చేసింది కాదండీ!” అన్నాడు డాక్టరు. “మా ఆవిడ! నేను రోగులతో ఉండగా చూసి విప్పేసింది. నాది వేరే ఉంది. రంగు ఆరుతోంది.”

గదంతా ఊపిరి పీల్చుకుంది. ఆడవాళ్ళకి తొందరెక్కువని జడ్జిగారు సానుభూతి చూపించారు. సభ్యత్వం ఏకగ్రీవం! చొక్కాకి బ్యాడ్జీ కూడా పెట్టారు.

ఇంటికెళ్ళాక భార్య అడిగింది. “విమానం చూసి ఏమన్నారు?”

“నువ్వు చేశావని చెప్పాను.”

“నేనా? ఎందుకూ?”

“అక్కడ చేసినవాళ్ళకి చోటు లేదే.”

ఆమె పమిట చెంగుతో అతని బ్యాడ్జీ తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది డాక్టరుకి.

కథ ఇక్కడితో ఆగేదే. కానీ ఊరి పెద్ద అధికారిగారు సంఘం గొప్పతనం విని, కట్టిన విమానాలన్నీ చూడ్డానికి స్వయంగా వస్తున్నామని కబురు పెట్టారు. సంఘానికి మూకుమ్మడిగా పంటినొప్పి వచ్చింది!

ముందు బ్యాంకు మేనేజరు వచ్చాడు, చెంపకి రుమాలు, చంకలో సంచీ. “పన్ను బాగానే ఉందండీ. మీ ఆవిడగారి చేత ఈ ఫాంటమ్ కాస్త... మన మాట మన మధ్యే ఉండాలి.” తర్వాత బావమరిది వచ్చాడు. “బావా, అక్క చేత...” జడ్జిగారైతే కుర్చీలో కూర్చుని అలవాటు కొద్దీ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, సంచీలోంచి మిగ్ తీశారు.

డాక్టరు అన్నీ కట్టాడు. అన్నిటికీ ముక్కులో బరువు కూరాడు. తన కోసం ఒకటి కట్టుకోవడానికి మాత్రం తీరిక చిక్కలేదు.

ప్రదర్శన నాడు హాలు కిటకిటలాడింది. తన మిగ్ పక్కన నిలబడి జడ్జిగారు, దాని కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నారో చెబుతుంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. సేబర్ ముందు అట్ట మీద డాక్టరు భార్య పేరు రాసి ఉంది. డాక్టరు దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

జడ్జిగారు మైకు అందుకున్నారు. “చెప్పడానికి బాధగా ఉంది. చేతులు కదపని సభ్యుడు మాలో ఒకే ఒక్కరున్నారు. శ్రమ లేనిదే చోటు లేదన్నది మా సిద్ధాంతం! అందుచేత ఆయన స్థానాన్ని ఆయన సతీమణికి ఇస్తున్నాం!”

చప్పట్లు! డాక్టరు చొక్కా మీది బ్యాడ్జీ తీసి ఆమెకి పెట్టి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

“ఇక్కడున్న విమానాల్లో ఒక్కటి కూడా నేను చెయ్యలేదండీ,” అంది ఆమె.

తమ గుట్టు బయటపడలేదని సభ్యులకి ప్రాణం లేచొచ్చింది. ఎంత వినయం, ఎంత సంస్కారం అని అందరికంటే ముందు వాళ్ళే చప్పట్లు కొట్టారు.

“అన్నీ మా ఆయనే చేశారు. జడ్జిగారిది కూడా.”

హాలంతా ఘొల్లున నవ్వింది. అధికారిగారు కూడా నవ్వి, డాక్టరు వైపు తిరిగారు. “ఏమండీ డాక్టరుగారూ, నిజమేనా?”

జడ్జిగారి నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. లాయరు నేల చూపులు చూశాడు. భార్య మాత్రం భర్త కళ్ళలోకే చూస్తోంది. ఒక్క ‘అవును’ అంటే చాలు.

“ఆవిడకి నన్ను వెనకేసుకు రావడం అలవాటండీ,” అన్నాడు డాక్టరు.

చప్పట్లు మళ్ళీ మారుమోగాయి. వాటిలో డాక్టరువి కూడా ఉన్నాయి.

బయటికి వస్తుంటే బావమరిది వెంటపడ్డాడు. చంకలో కొత్త పెట్టె. “అక్కా, అధికారిగారు తనక్కూడా ఒకటి కావాలన్నారు. నేను చేసిస్తానని మాటిచ్చేశాను. వారంలో అయిపోతుందిగా?”

డాక్టరు అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని పక్కకి తోసి, పెట్టెని తమ్ముడి చంకలోకే మళ్ళీ నెట్టింది.

“మీ బావ ఇప్పుడు మెంబరు కారు, ఆయనకి దీంతో పని లేదు. నేను మెంబర్నయ్యాను. మెంబర్లం పెట్టె విప్పకూడదు కదరా!”