యాభై ఎనిమిది ‘ఆయ్’లు

పక్కింటికి వెళ్లడం అనాగరికం!

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ముప్పై ఏళ్లు పోస్ట్‌మ్యాన్‌గా ఇంటింటికీ తిరిగి, మూడేళ్ల క్రితం రిటైరైన మనిషిని. గుమ్మాల సంగతి నాకు చెప్పకండి. రిటైరైన మర్నాడే మా రాజోలులో మా వీధికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. పేరు ‘మన వీధి – మనవాళ్లు’. సభ్యులు అరవై ముగ్గురు. అడ్మిన్ నేనే. వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే నాలుగు నిమిషాలు. కానీ ఎందుకండీ నడవడం? దేవుడు కాళ్లిచ్చాడు కదా అని అరగదీసుకుంటామా?

పూర్వం మనవాళ్లు పడ్డ కష్టం తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎదురింటావిడ ఎలా ఉందో తెలియాలంటే ఎదురింటికి వెళ్లాలి! చెప్పులు వెతుక్కోవాలి. గేటు తీయాలి. కుక్కని అదిలించాలి. “ఏవండోయ్, ఉన్నారా?” అని కేకేయాలి. ఆవిడ కాఫీ ఇస్తుంది, తాగాలి. తాగాక వెంటనే లేస్తే బాగుండదు, కూర్చోవాలి. కూర్చున్న పాపానికి ఆవిడ మోకాళ్ల నొప్పుల చరిత్ర మొదటినుంచీ వినాలి. మధ్యలో మ్యూట్ కొట్టే సదుపాయం కూడా ఉండేది కాదు!

ఇప్పుడో? పొద్దున్నే ఎదురింటి మంగాయమ్మ గారికి ఓ గులాబీ పంపిస్తాను. ఆవిడ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపిస్తుంది. అయిపోయింది. ఇద్దరం క్షేమం. మోకాళ్లు ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇక విజ్ఞానం సంగతి చూడండి. వాన మొదలైందనుకోండి, పూర్వం కిటికీ తీసి చూడాల్సి వచ్చేది. ఎంత శ్రమ! ఇప్పుడు “మీ వైపు వాన పడుతోందాండీ?” అని గోడ అవతలి నుంచి అడుగుతారు. “మాకు గట్టిగా పడుతోందండీ, మీకో?” అని గోడ ఇవతలి నుంచి జవాబు. అరగంటలో నలభై ఇళ్ల వాన వివరాలు చేతికొస్తాయి. ఈలోగా డాబా మీద ఆరేసిన బట్టలు తడిసి ముద్దవుతాయి, అది వేరే సంగతి.

కూరల బండతను వీధిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని చివరికి గ్రూపులో చేరాడు. “బండి ఎక్కడిదాకా వచ్చిందండీ?” అని వీరబాబు గారు అడిగారు. “మీ గుమ్మం ముందే ఉన్నానండీ, అరగంటైంది” అని అతను. దానికి ఇరవై రెండు నవ్వుముఖాలు వచ్చాయి. ఒక్క వంకాయ అమ్మలేదు గానీ, ఎంత ఆదరణ!

ఈ వీరబాబు గారు మా వీధిలో స్కూటర్ల షాపు ఆయన. మహా మర్యాదస్తుడు. ఒకసారి మేనల్లుడి కేకు పక్కన దిగిన ఫోటో డీపీగా పెట్టుకున్నాడు. అది చూసి ఎవరో ‘హ్యాపీ బర్త్‌డే’ అన్నారు. ఒకరు అన్నాక మిగతావాళ్లు ఊరుకుంటారా? గంటలో నలభై ఆరు హ్యాపీలు! ఇంతమంది అంటుంటే కాదనడం ఏం బాగుంటుందని, ఆయన సాయంత్రం కేకు తెప్పించుకుని కోసుకున్నాడు. ఆ ఏడాది ఆయన వయసు రెండుసార్లు పెరిగింది. ఇలాంటి గౌరవం మహారాజులకైనా దక్కిందా అని అడుగుతున్నాను.

వీటన్నిటికీ తలమానికం మా ‘ఆయ్’.

కోనసీమ బయట పుట్టినవారి కోసం రెండు మాటలు. ఆయ్ అంటే మా వైపు అవునని. ఉత్త అవునే కాదండోయ్! విన్నానండీ, తమరు చెప్పాక కాదంటానా అండీ, మీ ఇంట్లో అందరూ కులాసాయే కదండీ, ఇవన్నీ కలిపి ఒక్క ముక్కలో. పూర్వం ఎదురుగా నిలబడి ఆయ్ అన్న మనిషి ఆ వెంటనే బయల్దేరి రావాల్సి వచ్చేది. ఆ ఇబ్బందిని గ్రూపు తొలగించింది. ఇప్పుడు ఆయ్ అని కొట్టి ఎంచక్కా అటు తిరిగి పడుకోవచ్చు.

ఇంతటి సౌకర్యాన్ని నేను మా ఇంటి శుభకార్యానికే వాడుకున్నాను. ఆ వైనం చెబుతాను.

మా ఆవిడ సలోమి హెడ్మిస్ట్రెస్. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. పోయిన నెలాఖరున రిటైరైంది. ఆ రోజే బడికి ఏదో తనిఖీ వచ్చిపడి, వీడ్కోలు సభ జరగలేదు. ఒక దండ వేసి, ఒక ఫోటో తీసి, ఆటో ఎక్కించేశారు. ఇంటికొచ్చి ఆవిడ దండ తీసి మేకుకి తగిలించి వంటింట్లోకి వెళ్లింది. నాకు మాత్రం మనసు ఉసూరుమంది. బడి చెయ్యని మర్యాద వీధి చెయ్యాలి, ఆవిడ చుట్టూ నలుగురూ కూర్చుని భోంచెయ్యాలి అని పట్టుదల వచ్చింది.

వెంటనే హాల్లో కుర్చీలో కూర్చుని గ్రూపులో వేశాను. “మన సలోమి మేడమ్ గారి పదవీ విరమణ సందర్భంగా వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఇంట విందు. అందరూ సకుటుంబంగా విచ్చేయ ప్రార్థన.” పైన రెండు పావురాలు, కింద ఒక తోరణం కూడా పెట్టాను.

చూడండి మరి! టపటపా ఆయ్‌లు రాలాయి. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. యాభై ఎనిమిది! నేను కాక మిగతా నలుగురూ బొటనవేలు ఎత్తారు. పోస్ట్‌మ్యాన్‌గా ఉండగా ఇన్ని శుభలేఖలు పంచాలంటే నాకు రెండు రోజులు పట్టేది, సైకిల్ ట్యూబు ఒకటి పోయేది.

రాత్రి అన్నం వడ్డిస్తూ సలోమి అడిగింది. “ఏవండీ, నోటితో ఎవరినైనా పిలిచేరా?”

“అందరూ ఆయ్ అన్నారు కదా!”

“ఒక్కరినైనా పిలిచేరా అని.”

“ఏ కాలంలో ఉన్నావు సలోమీ!” అని నవ్వాను. ఆవిడ చారు గిన్నె నా వైపు జరిపింది.

ఆదివారం వచ్చింది. చర్చి నుంచి వచ్చేసరికి షామియానా వేసేశారు. వంటాయన ప్రకాష్ తెల్లారకముందే పొయ్యి ముట్టించాడు. రొయ్యల ఇగురు, కోడి వేపుడు, తిననివాళ్లకి కందాబచ్చలి కూర, పప్పుచారు. సలోమి కొత్త పట్టుచీర కట్టుకుని షామియానా కింద మధ్య కుర్చీలో కూర్చుంది. ఆవిడ చుట్టూ నూట పాతిక కుర్చీలు.

ఒంటిగంట అయింది. నూట పాతికా ఖాళీ.

కానీ గ్రూపు చూడాలి మీరు! దద్దరిల్లిపోతోంది! “హ్యాపీ రిటైర్మెంట్ మేడమ్ గారూ!” “మీ సేవలు మరువలేనివండీ!” బెలూన్లు, బొకేలు, చప్పట్లు, గంతులేసే ఏనుగు. పక్కింటి వీరబాబు గారు ఆవిర్లు కక్కే బిర్యానీ స్టిక్కర్ పంపాడు. మా గిన్నెల్లోంచి నిజం ఆవిర్లు ఆయన కిటికీలోకే వెళుతున్నాయి.

ప్రకాష్ గరిటె పట్టుకుని వచ్చాడు. “ఎంతమంది వచ్చేరండీ?”

“నూట నలభై రెండు.”

అతను షామియానా అంతా కలయజూశాడు. “మనుషులాండీ?”

“మెసేజ్‌లు.”

“మరి వాళ్లకి వడ్డించమంటారాండీ?” అన్నాడు. వేళాకోళం అనుకున్నాను గానీ, పాపం నిజంగానే అడిగాడు.

ఒంటిగంటన్నర. సలోమి ఒక్కొక్కరికీ ‘థాంక్యూ అండీ’ అని టైపు కొడుతోంది. తల ఎత్తడం లేదు. ఖాళీ కుర్చీల మధ్య ఆవిణ్ని అలా చూస్తే, బడిలో అయిన అవమానం చాలక నేను ఇంట్లో ఇంకోటి చేశానా అనిపించింది.

అప్పుడు ఎదురింటి కిటికీ తెర కదిలింది. వెనక మంగాయమ్మ గారు! పట్టుచీర, తలలో మల్లెపూలు. నేను వీధి దాటాను. ఆ పన్నెండు అడుగులూ వేసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

“మంగాయమ్మ గారూ, ఎక్కడికైనా బయల్దేరేరాండీ?”

“ఎక్కడికండీ? మీ ఇంటికే! పదకొండింటి నుంచీ ఇలా కట్టుకుని కూర్చున్నాను. మీరొచ్చి పిలుస్తారని.”

“గ్రూపులో పిలిచేను కదండీ! తమరు ఆయ్ అన్నారు కూడాను!”

“ఆయ్, అన్నానండీ. భోజనాలున్నాయని చెప్పేరు, విన్నానన్నాను. అది చెప్పడమండీ. పిలవడం వేరు కదండీ? పిలవందే విస్తరి ముందు ఎలా కూర్చుంటామండీ, ఏం బాగుంటుంది!”

“రండి మంగాయమ్మ గారూ, భోజనానికి రండి” అన్నాను.

“ఇదిగో, ఇప్పుడు పిలిచేరు” అని, మోకాళ్ల నొప్పులావిడ నాకంటే ముందు గేటు దాటేసింది.

ఇంక చూసుకోండి నా పరుగు! చెప్పుల్లేవు, పంచె ఎగ్గట్టాను, మొదటి ఇంటి నుంచి అందుకున్నాను. వీరబాబు గారి హాల్లో నలుగురూ ఇస్త్రీ బట్టలేసుకుని సోఫాలో ఫోటో స్టూడియోలోలా వరసగా కూర్చున్నారు. “ఆకలి దంచేస్తోందండీ బాబూ! పిల్లలు రెండు ప్యాకెట్లు బిస్కెట్లు తిన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే సోఫా తినేస్తాం!” అన్నాడాయన. పక్క ఇంట్లో తాళం చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆ పక్కింట్లో పిల్లకి జడ మూడోసారి వేస్తున్నారు. వీధి వీధంతా ముస్తాబై, తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది! నేను “రండి” అనడం, వాళ్లు “ఆయ్” అంటూనే బయటికి దూకడం!

ఏడో ఇల్లు సాలమోను గారిది. రోజూ పొద్దున్నే గ్రూపులో బైబిల్ వాక్యం పెట్టేది ఆయనే. తలుపు తోశాను. కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎడమకాలు తొడదాకా పిండికట్టు!

“ఇదేంటండీ! ఎప్పుడు?”

“మూడు వారాలైందండీ. రేవులో జారేను.”

“ఒక్క మాట చెప్పలేదేమండీ?”

“గ్రూపులో ఎక్స్‌రే పెట్టేనండీ. మీరు బొటనవేలు కూడా ఎత్తేరు.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్లద్దాలు లేకుండా చూసి, ఏదో మంచి చేప పడిందని సంతోషించినట్టు లీలగా గుర్తొచ్చింది. వీరబాబు గారూ నేనూ ఆయన్ని కుర్చీతో సహా ఎత్తుకొచ్చాం. దారి పొడుగునా ఆయన, “మెల్లిగా బాబూ, రెండో కాలు ఉండనివ్వండి!” అని నవ్వుతూనే ఉన్నాడు.

రెండయ్యేసరికి నూట పాతిక కుర్చీలు చాలలేదు. వీరబాబు గారి సోఫా కూడా తెచ్చాం. ఏం గోల, ఏం నవ్వులు! రొయ్యలు మళ్లీ మళ్లీ అడిగారు. మంగాయమ్మ గారు మోకాళ్ల చరిత్ర సాలమోను గారికి చెప్పింది, ఆయన కాలి చరిత్ర ఆవిడకి చెప్పాడు, ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఒక గంటసేపు గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. నెట్ పోయిందేమోనని ఫోన్ రెండుసార్లు ఆపి పెట్టి చూశాను.

అంతలో మంగాయమ్మ గారు కేకేసింది. “మేడమ్ గారు ఏరండీ? ఆవిడ భోజనానికొచ్చి మనం తినేస్తున్నాం!”

మధ్య కుర్చీ ఖాళీ. లోపలికి వెళ్లాను. సలోమి వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది.

“ఇక్కడున్నావేంటి? అందరూ నిన్ను అడుగుతుంటే!”

“నన్నెవరు పిలిచేరండీ?” అంది.

“అదేం మాట! నీ విందే కదా!”

“ఆ సంగతి నాకు గ్రూపులోనే తెలిసిందండీ. ఇక్కడే చేప తోముతున్నాను. ఫోన్ మోగింది. మీరేమో ఆ గోడ అవతల హాల్లో ఉన్నారు. సలోమి మేడమ్ గారి పదవీ విరమణ సందర్భంగా అని చదివేను. చెయ్యి కడుక్కుని, అందరితో పాటు నేనూ ఆయ్ అని పెట్టేను. మీరు లెక్కపెట్టిన యాభై ఎనిమిదిలో నాదీ ఉందండీ.”

చేతిలో ఉన్న ఫోన్ గట్టు మీద పెట్టేశాను.

“ముప్పై నాలుగేళ్లు వెళ్లొచ్చేనండీ ఆ బడికి. ఆఖరి రోజున ఇంటికొచ్చేను. మీరు గ్రూపులో బొకే బొమ్మ పంపేరు, బాగానే ఉంది. ఎలా ఉంది సలోమీ అని మాత్రం అడగలేదు.”

పాఠకులారా, గ్రూపు గొప్పదే. పక్కింటికి వెళ్లక్కర్లేదన్న నా సిద్ధాంతంలో ఒక్క అక్షరం మార్చను. అది అంత గొప్పది కాబట్టే, ఉన్న ఇంట్లో పక్క గదిలోకి కూడా వెళ్లకుండా మూడేళ్లు నడిపించేశాను. బయట వీధి వీధంతా పరిగెత్తి పిలిచినవాణ్ని, ఇంట్లో మనిషిని మర్చిపోయాను.

ఇంకో పీట వాల్చుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. “ఎలా ఉంది సలోమీ?” అని అడిగాను. నోటితో.

చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో మాత్రం గ్రూపులో పెట్టలేదు. మీకూ చెప్పను.