శెట్టిగారి నీడ పోయిన పూట

ఆ గురువారం పొద్దున నాగసుబ్బయ్య వేసుకున్న పథకంలో వింతేమీ లేదు. మరునాడు వరలక్ష్మీ వ్రతం. బనగానపల్లె ఆడవాళ్లంతా టెంకాయలకు, పసుపు కుంకుమలకు, రవిక గుడ్డలకు బజారు మీద పడే రోజు. ఉగ్గాని తిని అంగడి తెరవాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తినాలి, మళ్లీ వెళ్లి చీకటి పడేదాకా గల్లాపెట్టె ముందు నుంచి కదలకూడదు. ముప్పై ఏళ్లుగా ఏటా చేస్తున్న పనే.

భార్య సుందరలక్ష్మి కూడా ఏటా అడిగే మాటే అడిగింది.

"ఏమండీ, ఈ పొద్దు జనం శానా వస్తారు. నేనూ వచ్చి గల్లా కాడ కూర్చుంటా. మీరు సరుకు చూసుకుందురు."

ఆమె ప్రొద్దుటూరులో కిరాణా అంగడి వాళ్లింట్లో పుట్టిన మనిషి. కాగితంలో సరుకు పొట్లం కట్టడం పలక పట్టకముందే నేర్చుకుంది. అయినా కాపురానికొచ్చిన నాటి నుంచి మొగుడి అంగట్లో ఆమె ఎక్కిన మెట్లు రెండే, అదీ అన్నం క్యారియరు ఇవ్వడానికి.

నాగసుబ్బయ్య నడుముకు కట్టుకున్న తాళాల గుత్తిని ఒకసారి తడుముకున్నాడు. స్నానానికి పోయినా దాన్ని విప్పే అలవాటు అతనికి లేదు. "నా ఒంట్లో ప్రాణముండంగా ఈ తాళాలు ఇంకొకరి చేతికి పోవు," అన్నాడు. వాళ్ల నాన్న కూడా అచ్చం ఇదే మాట అనేవాడు. అన్నట్టుగానే, పోయిన తరువాతే ఇచ్చాడు.

సుందరలక్ష్మి గిన్నెలు కొంచెం గట్టిగా సర్దింది.

గోడకు ఆనుకుని కూర్చున్న మేనత్త జీవమ్మ కాఫీ ఊదుకుంటోంది. ఎనభై దాటిన మనిషి. కళ్లకు శుక్లాలొచ్చి మనుషులు మసకగా కనిపిస్తారు గానీ, చుట్టాల్లో ఎవరు పోయినా కబురు ముందుగా ఆమెకే చేరుతుంది.

"కోవెలకుంట్ల సుందరం పోయినాడంట రా," అంది. "నాకు ముందే తెలుసు. ఉగాది నాడు చెప్పినాడు, జీవమ్మా, ఎండలో నిలబడినా నా నీడ నాకు కనపళ్లేదు అని. నీడ కనపడని మనిషి ఆరు నెలలు దాటడు."

"పొద్దున్నే ఏం మాటలు అత్తా అవి?" అని నాగసుబ్బయ్య కసురుకున్నాడు. కసిరాడే గానీ ఆ మాట ఉగ్గానిలో రాయిలాగా పంటికింద పడింది. చేయి కడుక్కుని బయలుదేరబోతే మూలన ఉండాల్సిన పెద్ద నల్లగొడుగు లేదు.

"గొడుగు యాడ?"

"వాసవి తీసకపోయింది. ఇస్కూల్లో పిల్లోళ్లకు ఏందో చూపియ్యాలంట," అంది సుందరలక్ష్మి. శ్రీవాసవి వాళ్ల ఒక్కగానొక్క కూతురు, హైస్కూల్లో సైన్సు టీచరు.

ఆగస్టును వర్షాకాలమని క్యాలెండరు అంటుంది, అంతే. బనగానపల్లె ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మధ్యాహ్నం ఎండలో నాగసుబ్బయ్య గొడుగు లేకుండా నడిచిన రోజు అతని జ్ఞాపకంలో లేదు. అయినా ఒక్క పూటకేమవుతుందిలే అనుకుని వెళ్లాడు.

నడి మధ్యాహ్నానికి ఆకలి వేసింది. "మారెన్నా, ఇంటికి పోయి తినొస్తా. అంగడి చూస్తాండు," అని హమాలీకి చెప్పి, భుజం మీది తువ్వాలు సర్దుకుని వీధిలోకి దిగాడు. ఎండకు భయపడి జనమంతా ఇళ్లలో ఉన్నారు. పది అడుగులు వేశాడో లేదో జీవమ్మ మాట గుర్తుకొచ్చింది. అత్త చాదస్తం కాకపోతే ఏమిటని నవ్వుకుంటూ, ఊరికే తన నీడ కోసం ముందుకు చూశాడు.

నీడ లేదు.

వెనక్కి తిరిగాడు. అక్కడా లేదు. కుడిపక్క లేదు, ఎడమపక్క లేదు. భయంతో చేతులు రెండూ తొడలకు అంటుకుపోయాయి. నిటారుగా నిలబడి కిందికి చూశాడు. బొజ్జ కనిపించింది. బొజ్జ దాటాక తెల్లటి నేల కనిపించింది. ఎదురుగా వేపచెట్టు కింద నల్లటి నీడ గుండ్రంగా పరుచుకుని ఉంది, అందులో మేక ఒకటి హాయిగా నెమరేస్తోంది. శాంతయ్య బట్టల అంగడి ముందు పందిరి కింద కూడా నీడ ఉంది. చెట్టుకుంది, పందిరికుంది, నాగసుబ్బయ్యకు లేదు.

చెప్పు ఒకటి ఊడిపోయినా చూసుకోకుండా, ఒక కాలు మండుతుంటే కుంటుకుంటూ ఇల్లు చేరాడు.

"అత్తా! నాకు నీడ లేదత్తా!"

జీవమ్మ చేతిలోని ఒత్తులు జారిపోయాయి. "వాకిట్లో నిలబడు, నేను చూస్తా," అని గడప లోపలే నిలబడి కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుంది. నాగసుబ్బయ్య ఎండలో స్తంభంలా నిలబడ్డాడు. ఆమె అటూ ఇటూ, కిందా మీదా చూసింది. చూసి గుండెలు బాదుకుంది.

"లేదు నాయనా! ఒక్క పిసరు కూడా లేదు!"

సాక్ష్యం కూడా దొరికింది కాబట్టి నాగసుబ్బయ్యకు ఇక అనుమానం మిగలలేదు. నడవాలో చతికిలబడ్డాడు. సుందరలక్ష్మి పరుగున వచ్చి నుదురు పట్టుకు చూసింది. "ఎండదెబ్బ తగిలినట్లుండాది. మజ్జిగ తాగండి," అంది.

"మజ్జిగతో పోయేది కాదు లక్ష్మీ. నాకు ఇంక ఆరు నెలలే." ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఈమెను గల్లా దగ్గర కూర్చోనివ్వలేదే, తాను పోయాక అంగడి ఏ చేతుల్లో పడుతుందో అని మొదటిసారి నిజంగా దిగులేసింది. నడుము దగ్గరి ముడి విప్పాడు. "ఇంద. ఇంక నీదే ఈ అంగడి. జీవమ్మత్త సాక్షి."

తాళాల గుత్తి సుందరలక్ష్మి ఒళ్లో పడింది. మొగుడికి నీడ పోయిందంటే నమ్మలేదు గానీ, తాళాలు చేతికొచ్చాయంటే మాత్రం ఏదో పెద్ద ప్రమాదమే జరిగిందని భయపడింది. కాసేపు ఆయన ముఖం, కాసేపు తాళాలు చూసింది.

"అంగడి ఎవరి మీద వదిలి వచ్చినారు?"

"మారెన్న మీద."

"అయ్యో, వ్రతం జనం వస్తాంటారు కదా! వానికి పసుపు కొమ్ములెక్కడుండేది కూడా తెలీదు. అత్తా, ఈయనకు మజ్జిగ పట్టిచ్చి పండుకోబెట్టు. నేను పోయొస్తా," అని చెంగు దోపుకుని వెళ్లిపోయింది. ఆరు నెలలు గడువుంది కాబట్టి ఒక్క మధ్యాహ్నానికి కొంప మునగదని ఆమె లెక్క.

నాగసుబ్బయ్య లోపలి గదిలో చాప మీద వాలి, ఎండనూ దుఃఖాన్నీ మోయలేక నిద్రపోయాడు.

జీవమ్మ ఫోను తీసింది. కోవెలకుంట్లలో సుందరం ఇంట్లో చావుకు చేరిన చుట్టాలంతా ఒకేచోట ఉన్నారు గనుక అక్కడికే చేసింది. "మన సుబ్బయ్య..." అనేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. మళ్లీ "మన సుబ్బయ్య..." అని మొదలుపెట్టి, ఇక మాట పెగలక ఫోను పెట్టేసింది. అటువైపు వాళ్లకు ఆ మాత్రం చాలు. వాళ్లు బనగానపల్లె వర్తక సంఘం అధ్యక్షుడు శాంతయ్యకు ఫోను చేశారు. శాంతయ్య ఊరికే నమ్మే మనిషి కాడు. స్వయంగా ఆ ఇంటి ముందు దాకా వచ్చి, లోపలి నుంచి జీవమ్మ శోకాలు విని, ఖాయం చేసుకుని మరీ వెనుదిరిగాడు. పోయిన ఏడు సంఘం సన్మానంలో తీసిన ఫొటో ఉండనే ఉంది. అందులో నాగసుబ్బయ్య మెడలో దండ కూడా ఉండటంతో వాట్సాప్‌లో పెట్టడానికి ఎక్కువ శ్రమ పడనవసరం లేకపోయింది.

నాగసుబ్బయ్యకు మెలకువ వచ్చేసరికి ఇంటి ముందు మనుషుల గోల. తనకు ఆరు నెలలే ఉందని తెలిసి పలకరించడానికి వచ్చారు కాబోలు, ఎంత మంచివాళ్లని కళ్లు చెమ్మగిల్లాయి. లేవబోతూ చెవి ఒగ్గాడు.

"మంచోడే పాపం," అంటోంది ఒక గొంతు.

"మంచోడే. తూకం కాడ మాత్రం కొంచెం గట్టోడు," అంది ఇంకొకటి.

"కొంచెమా?" అంది మూడోది.

నాగసుబ్బయ్యకు ఒళ్లు మండింది. విసురుగా వచ్చి తలుపు తీశాడు. గుమ్మానికి అడ్డంగా పొడుగాటి గాజుపెట్టె పట్టుకుని ఇద్దరు కొత్త మనుషులు నిలబడి ఉన్నారు.

"పక్కకు జరుగప్పా, ఐసు పెట్టె లోపల పెట్టల్ల. బాడీ యాడుండాది?"

"ఎవరి బాడీ?"

"నాగసుబ్బయ్యశెట్టి బాడీ."

"ఈడే ఉండాది," అన్నాడు నాగసుబ్బయ్య.

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పెట్టె ఒక కొస ధన్‌మని మెట్టు మీద పడింది. గులాబీల దండ పట్టుకుని ముందుకొచ్చిన శాంతయ్య బొమ్మలా బిగుసుకుపోయాడు.

"నువ్వు... నువ్వు పోలేదా?"

"యాడికప్పా పోయేది? నాకు ఇంకా ఆరు నెలలుండాది!"

"అయ్యో రామా! నీ కోసం బజారంతా షట్టర్లు దించినాం కదయ్యా! వ్రతం ముందురోజు, ఒక్కొక్కడు ఎంత యాపారం పోగొట్టుకున్నాడో తెలుసునా?" శాంతయ్య గొంతులో స్నేహితుడు బతికున్న సంతోషం ఉంది గానీ, మూసిన అంగడి బాధ కూడా దాగలేదు. "ఊరు మొత్తానికి తెరిచిందల్లా మీ అంగడి ఒక్కటే!"

"మా అంగడా?"

"మీ ఆమె గల్లా కాడ కూర్చోని టెంకాయలమ్ముతాండాది. మొగుడు పోయినాడని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. దుఃఖంతో మతి చెడింది పాపం అనుకున్నా."

ఐసుపెట్టెను చూసి తట్టుకున్న నాగసుబ్బయ్య ఈ మాటకు తట్టుకోలేకపోయాడు. కాళ్లకు చెప్పులైనా లేకుండా బజారుకు పరుగెత్తాడు. వెనకాల దండతో శాంతయ్య, ఆయన వెనక పరామర్శకు వచ్చిన జనం, చివరన కర్ర ఊతంగా జీవమ్మ. బజారు మలుపు తిరగగానే నాగసుబ్బయ్య ఠక్కున ఆగిపోయాడు. పొద్దు పడమటికి వాలింది. అతని కాళ్ల దగ్గర మొదలై ముందుకు, శాంతయ్య అంగడి షట్టరు దాకా నల్లగా ఏదో సాగి ఉంది. చేయి ఎత్తాడు. అదీ చేయి ఎత్తింది.

"నీడ! నా నీడ వచ్చింది!" అని అరిచాడు. నడివీధిలో చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ ఊపుకుంటూ తన నీడను చూసుకున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. చావు తప్పించుకున్నవాడి ఆనందం చూసి జనానికి ఏమీ అర్థం కాలేదు.

అంగడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఊళ్లో ఇంకెక్కడా టెంకాయ దొరకక అందరూ అక్కడే మూగారు. సుందరలక్ష్మి గల్లాపెట్టె ముందు నిండుగా కూర్చుని, పొట్లాల మీద పొట్లాలు కడుతోంది. ఎవరికి ఏం కావాలో నోరు తెరవకముందే మారెన్నకు చెబుతోంది. ఆ ముఖంలో అంత వెలుగు నాగసుబ్బయ్య పెళ్లినాడు కూడా చూడలేదు. చూసి ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు కూడా.

"లేచినారా? ఎట్లుండాది ఒళ్లు?" అంది ఆమె. "బజారులో ఎవరో పెద్దాయన పోయినాడంట, అంతా మూసినారు. ఎవరండీ పాపం?"

ఆ ప్రశ్నకు శాంతయ్య చేతిలోని దండ వీపు వెనక్కి వెళ్లింది.

అప్పుడే శ్రీవాసవి స్కూలు నుంచి వచ్చింది, చేతిలో నల్లగొడుగుతో. తలా ఒక మాటగా చెప్పిన కథంతా విని, ముందు నిర్ఘాంతపోయి, తరువాత నవ్వాపుకోలేక మెట్టు మీద కూలబడింది.

"నీ ఒక్కనికే కాదు నాన్నా, ఈ పొద్దు మధ్యాన్నం ఊరందరికీ నీడ పోయింది! నేను గొడుగు తీసకపోయింది దానికే. గ్రౌండులో ముడిచి నిలబెట్టి, దాని నీడ మాయమయ్యేది పిల్లోళ్లకు చూపించినా. భూమి కొంచెం పక్కకు వంగి సూర్యుని చుట్టూ తిరుగుతాది కదా. అందుకే సూర్యుడు మన నడినెత్తిన సరిగ్గా నిలిచేది ఏటికి రెండే రోజులు. ఎండాకాలంలో ఉత్తరానికి పోతా ఒకసారి, ఇప్పుడు దక్షిణానికి తిరిగొస్తా ఒకసారి. అప్పుడు నీడ యాడికీ పోదు, కాళ్ల కిందనే ఉంటాది."

"నేను కిందికి కూడా చూసినా కదమ్మా!"

వాసవి కళ్లు నాన్న బొజ్జ మీదికి దిగాయి. జనమంతా అటే చూశారు. జీవమ్మ మాత్రం, "మరి సుందరం ఎట్ల పోయినాడే?" అని అడిగింది. అతనికి తొంభై రెండేళ్లని వాసవి గుర్తుచేసింది.

నాగసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. ప్రాణం కుదుటపడింది కాబట్టి పెద్దరికం కూడా తిరిగొచ్చింది. గల్లా దగ్గరికి వెళ్లి చేయి చాచాడు.

"సరే లక్ష్మీ, జరిగిందేదో జరిగింది. లే. తాళాలు ఇట్లియ్యి."

సుందరలక్ష్మి పొట్లానికి దారం చుట్టడం ఆపలేదు. "ఒంట్లో ప్రాణముండంగా తాళాలు ఇయ్యనని పొద్దున మీరే చెప్పినారు. మధ్యాన్నం ఇచ్చినారు. మీరు పోయినారని ఊరంతా షట్టర్లు కూడా దించింది." ముడి బిగించి, దారం తెంపి, పొట్లం ఎదుటి మనిషి చేతిలో పెట్టింది. "పోయినోళ్లకు తాళాలెందుకండీ? ఆ టెంకాయల బస్తా ఇట్ల జరపండి."

నాగసుబ్బయ్య సాయం కోసం శాంతయ్య వైపు చూశాడు. శాంతయ్య మూసి ఉన్న తన షట్టరు వైపు చూస్తున్నాడు. మారెన్న వైపు చూశాడు. మారెన్న అప్పటికే బస్తాకు ఒక కొస పట్టుకుని, రెండో కొస దగ్గర శెట్టిగారి కోసం చోటు వదిలి నిలబడ్డాడు.

మే నెల రాగానే, వాసవి చెప్పినట్టే, సూర్యుడు బనగానపల్లె నడినెత్తికి తిరిగొచ్చాడు; తాళాలు ఇంకా రాలేదు.